ఒక్క గింజ... అరవై నాలుగు గళ్ళు!

మౌలాలి గుట్ట మెట్లెక్కి పైన నిలబడితే ఊరు చాలా దూరం కనిపిస్తుంది. కింద రైలు పట్టాలు, అటు లాలాపేట, ఆ వెనక తార్నాక, ఇంకాస్త దూరంగా చెట్ల మధ్య ఉస్మానియా యూనివర్సిటీ. ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, అదంతా బియ్యంతో నిండిపోయిందని ఊహించుకోండి. ఇళ్ళు మునిగిపోయాయి. ఆర్ట్స్ కాలేజీ మునిగిపోయింది. చివరికి మీరు నిలబడ్డ గుట్ట కూడా మునిగిపోయింది. 2007లో ఏర్పడినప్పటి గ్రేటర్ హైదరాబాద్ అంతా పరిస్తే ఏడు వందల మీటర్ల ఎత్తున బియ్యం. అదే తెలంగాణ రాష్ట్రమంతా పరిస్తే నాలుగు మీటర్ల మందం!

ఇంత బియ్యం ఎక్కణ్నుంచి వచ్చింది? ఒకే ఒక్క గింజ నుంచి.

కథ మీకు తెలిసిందే. చదరంగాన్ని కనిపెట్టిన పండితుణ్ని రాజుగారు మెచ్చుకుని, ఏం కావాలో కోరుకోమన్నాట్ట. 'పెద్ద కోరికలేం లేవు మహారాజా! మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... అలా రెట్టింపు చేస్తూ అరవై నాలుగు గళ్ళూ నింపించండి చాలు' అన్నాట్ట పండితుడు. ఇంతేనా అని రాజు నవ్వాడు. లెక్కలవాళ్ళు కూర్చున్నాక ఆ నవ్వు మాయమైపోయింది.

కథలో రాజు ఎవరో, పండితుడు ఎవరో ఎవరికి తోచినట్లు వాళ్ళు చెబుతారు. మారనిది ఒక్కటే, ఆ లెక్క తాలూకు జవాబు. 1,84,46,74,40,73,70,95,51,615. మొత్తం ఇరవై అంకెలు. నోటితో చెప్పాలంటే లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోట్ల కోట్లు. ఆపైన చిల్లర. ఆ చిల్లరే నలభై నాలుగు లక్షల కోట్లకు పైమాట!

రాజు ఎక్కడ పడిపోయాడు?

లెక్క తేలిక కోసం కిలోకి యాభై వేల గింజలు అనుకుందాం. మొదటి వరస ఎనిమిది గళ్ళూ నింపితే 255 గింజలు. చిన్న చెంచాడు. రెండో వరస కూడా నిండితే మొత్తం 65,535 గింజలు... కిలోంబావు. మూడో వరసకి మొత్తం 335 కిలోలు. అంటే పాతిక కిలోల బస్తాలు పదమూడు, పద్నాలుగు. నాలుగో వరసతో బల్ల సగం నిండుతుంది. మొత్తం 86 టన్నులు. పది టన్నుల లారీలు తొమ్మిది చాలు. రాజుగారికి ఇదో లెక్కా?

సగం బల్ల దాకా రాజు నవ్వుతూనే ఉంటాడు. ఐదో వరస దాటేసరికి 22 వేల టన్నులు. గూడ్సు రైలుకి మూడున్నర వేల టన్నులు వేసుకున్నా ఆరు రైళ్ళు నిండిపోతాయి. ఆరో వరసకి 56 లక్షల టన్నులు. ఏడో వరసకి 144 కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏటా పండించే బియ్యం యాభై కోట్ల టన్నుల పైచిలుకే. ఎనిమిదో వరస కూడా నిండాలంటే మొత్తం 36,900 కోట్ల టన్నులు కావాలి. ప్రపంచం ఒక్క మెతుకు కూడా తినకుండా దాదాపు ఏడు వందల ఏళ్ళు పంట కూడబెట్టాలన్నమాట.

అప్పు గింజ లెక్క

అరవై నాలుగు గళ్ళ సంఖ్యల్నీ విడివిడిగా రాసి కూడక్కర్లేదు. పక్కింటి నుంచి ఒక్క గింజ అప్పు తెచ్చుకోండి. దాన్ని మొదటి గడిలోని గింజతో కలపండి. రెండు అవుతాయి. సరిగ్గా రెండో గడిలో ఉన్నన్ని. ఆ రెంటినీ రెండో గడితో కలిపితే నాలుగు. సరిగ్గా మూడో గడిలో ఉన్నన్ని. ఇలా కలుపుకుంటూ పోతే చివరికి చేతిలో ఉండేది, అరవై ఐదో గడి అంటూ ఉంటే అందులో ఎన్ని ఉండేవో అన్ని. ఇక అప్పు గింజ తిరిగిచ్చేయండి. అందుకే జవాబు చివర 616 కాకుండా 615 ఉంటుంది.

ఈ అప్పు గింజ ఇంకో రహస్యం కూడా చెబుతుంది. ఏ గడి తీసుకున్నా అందులో ఉన్నవి, అంతకు ముందున్న గళ్ళన్నిటి మొత్తం కంటే ఒకటి ఎక్కువ. పదో గడిలో 512. ముందు తొమ్మిదింటిలో కలిపి 511. ఏ గడి దగ్గర ఆగినా ఇంతే. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. చివర్లో దీంతో పనుంది.

మరి అరవై ఐదో గడి విలువ ఎలా? దానికీ దగ్గర దారి ఉంది. రెండుని రెండుతో గుణిస్తే 4. నాలుగుని నాలుగుతో గుణిస్తే 16. పదహారుని పదహారుతో గుణిస్తే 256. దాన్ని దాంతోనే గుణిస్తే 65,536. మళ్ళీ గుణిస్తే 4,29,49,67,296. ఇంకొక్కసారి గుణించి ఒకటి తీసేయండి. మొత్తం ఆరే ఆరు గుణకారాలు!

తెలుగు పద్యంలో ఇరవై అంకెలు

ఈ జవాబు తెలుగులో ఒక పద్యంలో భద్రంగా ఉంది. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చిన పావులూరి మల్లన పేరుతో ప్రసిద్ధమైన పద్యమది. మల్లన రాజరాజనరేంద్రుడి కాలంవాడని కొందరు పండితులంటే, ఆ తర్వాతి తరాలవాడని మరికొందరంటారు. ఎలా చూసినా తెలుగులో లెక్కలు పద్యాలుగా చెప్పిన తొలి కవుల్లో ఆయన పేరు వినిపిస్తుంది.

ఆ పద్యంలో అంకెలు అంకెలుగా ఉండవు. అన్నీ మాటలే. చంద్రుడంటే ఒకటి. అగ్ని అంటే మూడు. వేదాలు నాలుగు. మన్మథుడి బాణాలు అయిదు. కులపర్వతాలు ఏడు కాబట్టి కొండ అంటే ఏడు. దిక్కుల్ని మోసే ఏనుగులు ఎనిమిది. శరీరానికున్న రంధ్రాలు తొమ్మిది. ఏమీ లేని ఆకాశం... సున్నా! దీన్నే భూతసంఖ్య పద్ధతి అంటారు. చదవాల్సింది ఒకట్ల స్థానం నుంచి ఎడమవైపుకి. అందుకే ఆ పద్యంలో సంఖ్య బాణంతో మొదలై చంద్రుడితో ముగుస్తుంది. మన సంఖ్య ఒకటితో మొదలై అయిదుతో ముగిసినట్లే!

అంకెలకు ఇంత డొంకతిరుగుడు దేనికి? తాటాకు మీద ఓ అంకె చెరిగిపోతే ఇరవై అంకెల సంఖ్యలో అక్కడేముండేదో చెప్పడం కష్టం. రాసేవాడు ఒక అంకె పొరపాటున వదిలేసినా చదివేవాడికి తెలీదు. పద్యంలో అయితే ఒక మాట జారితే గణం తప్పుతుంది, చెవికే తెలిసిపోతుంది. పైగా పద్యం నోటికొస్తుంది.

ఇంకో తమాషా ఉంది. ఆ పద్యం చంపకమాల. పాదానికి ఇరవై ఒక్క అక్షరాలు. ప్రతి అక్షరం లఘువైనా కావాలి, గురువైనా కావాలి. అంటే ఒక్కో అక్షరం పెరిగినకొద్దీ వీలైన వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది, అచ్చం చదరంగం గళ్ళలాగే! ఇరవై ఒక్క అక్షరాలతో పుట్టే వృత్తాలు 20,97,152. మన బల్లమీద ఇరవై రెండో గడిలో పడే గింజలు కూడా సరిగ్గా అన్నే. వాటన్నిటినీ వరసలో పేరిస్తే చంపకమాల 7,11,600వది. మన ఛందస్సు పుస్తకాలు ఈ వరస సంఖ్యను కూడా లెక్కగట్టాయి. చదరంగం లెక్కను మోస్తున్న పద్యం, తనూ ఒక చదరంగం గడిలోంచి వచ్చిందే! మనం ఇందాక వాడిన దగ్గర దారి కూడా ఛందస్సు నుంచి వచ్చిందే. వృత్తాలు లెక్కపెట్టడానికి సగం చేయడం, వర్గం చేయడం అనే ఉపాయాన్ని పింగళుడు తన ఛందశ్శాస్త్రంలో ఏనాడో చెప్పాడు.

అదే జవాబు అరబ్బీలో

క్రీస్తుశకం వెయ్యో సంవత్సరం ప్రాంతంలో, ఎక్కడో మధ్య ఆసియాలో పుట్టిన ఇంకో మహా పండితుడు ఇదే లెక్క చేశాడు. ఆయన అల్ బెరూనీ. ప్రాచీన జాతుల కాలగణన గురించి అరబ్బీలో రాసిన గ్రంథంలో చదరంగం గింజల లెక్కను వివరించాడు. వర్గం చేసుకుంటూ పోయే దారి చెప్పాడు. ఒక గడిలోంచి ఒకటి తీసేస్తే ముందు గళ్ళన్నిటి మొత్తం వస్తుందనీ చెప్పాడు. మన అప్పు గింజ సూత్రమే! జవాబు కూడా అదే, ఇరవై అంకెల్లో ఒక్కటీ తేడా లేదు.

ఇప్పుడు మళ్ళీ గుట్ట దిగి, తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్‌కి వెళ్దాం. 1888లో హైదరాబాద్‌లో మొదలైన దాయిరతుల్ మారిఫ్ ఉన్నది ఈ క్యాంపస్‌లోనే. పాత అరబ్బీ రాతప్రతుల్ని వెతికి, పరిష్కరించి, అచ్చువేయడం దాని పని. అల్ బెరూనీ ఖగోళ గ్రంథం 'అల్ ఖానూన్ అల్ మసూదీ'ని 1954 నుంచి 1956 వరకూ మూడు సంపుటాలుగా అచ్చువేసింది ఆ సంస్థే. 1958లో ఆయన భారతదేశం గురించి రాసిన గ్రంథాన్నీ తెచ్చింది. ఆ పుస్తకంలో అల్ బెరూనీ భారతీయుల గురించి చెబుతూ, వీళ్ళు అంకెలకు బదులు చంద్రుడు, వేదాలు, ఆకాశం లాంటి మాటలు వాడతారని ఒక జాబితాయే ఇచ్చాడు. మల్లన వాడిన కిటుకే అది. తెలుగు పద్యం ఒకచోట, అరబ్బీ గ్రంథం మరోచోట. ఇద్దరూ చెప్పింది మాత్రం ఒకే సంఖ్య.

సంఖ్య కడుపులో ఏముంది?

ఇంత పెద్ద సంఖ్యను చూస్తే భయమేస్తుంది కానీ విడదీస్తే చిన్నపిల్లాడిలా లొంగిపోతుంది. చివర అయిదుంది కాబట్టి అయిదుతో భాగించొచ్చు. అంకెలన్నీ కూడితే 87. అది మూడుతో పోతుంది కాబట్టి సంఖ్యా మూడుతో పోతుంది. అలా విడదీస్తూ పోతే ఏడు ప్రధాన సంఖ్యలు బయటపడతాయి. 3, 5, 17, 257, 641, 65,537, 67,00,417. ఈ ఏడింటినీ గుణిస్తే మన సంఖ్య వచ్చేస్తుంది.

ఇందులో 641 వెనక పెద్ద కథే ఉంది. 3, 5, 17, 257, 65,537... ఈ వరసలో ప్రతిదీ రెండుని వర్గం చేసుకుంటూ పోయి ఒకటి కలిపితే వచ్చేదే. అయిదూ ప్రధాన సంఖ్యలే. దాంతో ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలే అయ్యుంటాయని పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా నమ్మాడు. తర్వాతి సంఖ్య 4,29,49,67,297. 1732లో ఆయిలర్ అనే స్విస్ మేధావి దాన్ని 641తో భాగించి చూపించాడు. శేషం సున్నా! ఫెర్మా నమ్మకం అక్కడితో కూలిపోయింది. ఈ వరసలో ఆ అయిదింటిని మించి మరో ప్రధాన సంఖ్య నేటి వరకూ దొరకనే లేదు.

మన సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలు మొత్తం ఎన్నో తెలుసా? 128. ఎనిమిదో గడిలో ఉన్న గింజలెన్నో అన్ని!

గుట్ట వయసూ చాలదు

1883లో ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ లూకా ఒక ఆటబొమ్మను తెచ్చాడు. మూడు కర్రలు, ఒకదానికి తొడిగిన బిళ్ళలు. రోజుకో బిళ్ళ కాదు, ఒకసారికి ఒకటే కదపాలి. చిన్నదాని మీద పెద్దది పెట్టకూడదు. మొత్తం అన్నిటినీ ఇంకో కర్రకి మార్చాలి. దీన్నే హనోయి టవర్ అంటారు. అరవై నాలుగు బిళ్ళలుంటే తక్కువలో తక్కువ ఎన్నిసార్లు కదపాలి? ఊహించారుగా... మన సంఖ్యే. సెకనుకి ఒకటి చొప్పున రాత్రింబవళ్ళు కదిపినా 58 వేల కోట్ల ఏళ్ళు దాటుతుంది. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్ గుట్టల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. మౌలాలి గుట్ట పుట్టిన నాటి నుంచి నేటి వరకూ గడిచిన కాలం రెండు వందల ముప్ఫై సార్లు గడిచినా ఆట ముగియదు!

అంత పెద్ద సంఖ్య మనకెందుకు అనుకోకండి. అది మీ జేబులోనే ఉంది. ఇప్పటి కంప్యూటర్లు, సెల్‌ఫోన్లు చాలావరకు 64 బిట్లవి. లఘువు, గురువుల్లాగే అక్కడ ఒకటి, సున్నా. అరవై నాలుగు స్థానాల్లోనూ ఒకట్లే ఉంటే వచ్చేది మన సంఖ్యే. అలాంటి ఒక గడిలో పట్టే అతి పెద్ద సంఖ్య అది. 2014లో 'గంగ్నమ్ స్టైల్' వీడియోను చూసినవారి లెక్క 214 కోట్లు దాటేసరికి, 32 బిట్ల లెక్క చాలక యూట్యూబ్ 64 బిట్లకు మారాల్సి వచ్చింది.

తార్నాక పక్కనే హబ్సిగూడలో ఉన్న సీసీఎంబీలో కూడా ఇదే చదరంగం నడుస్తుంది. పీసీఆర్ పరీక్షలో ఒక్కో విడతకీ డీఎన్‌ఏ ముక్క రెట్టింపవుతుంది. అన్నీ సవ్యంగా జరిగితే ముప్ఫై విడతల్లో ఒక్క ముక్క 107 కోట్లవుతుంది. 2020లో కోవిడ్ పరీక్షలకు అక్కరకొచ్చింది ఈ రెట్టింపే. కంటికి కనపడనంత తక్కువగా ఉన్న వైరస్ ఆనవాలు పట్టుబడింది దీనివల్లే. రెట్టింపు మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

బావగారూ, ఇద్దర్ని చేర్పించండి చాలు!

ఇక అప్పు గింజ రహస్యంతో ఉన్న పని చూద్దాం.

ఓ ఆదివారం సాయంత్రం దగ్గరి చుట్టమో, పాత సహోద్యోగో ఇంటికొస్తాడు. కాఫీ అయ్యాక మెల్లగా కాగితం తీస్తాడు. 'బావగారూ, మీరు కట్టాల్సింది కొంచెమే. ఇద్దర్ని చేర్పించండి చాలు. వాళ్ళు చెరో ఇద్దర్ని చేర్పిస్తారు. ఆ తర్వాత మీరు కాలుమీద కాలేసుకుని కూర్చోవచ్చు' అంటాడు. కాగితం మీద ఒకటి, దాని కింద రెండు, దాని కింద నాలుగు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మొదటి వరస గింజల్లాగే.

ఇలా పది వరసలు నిండితే 1,023 మంది. ఇరవై వరసలకి పది లక్షలు దాటుతారు. ఇరవై ఏడు వరసలు నిండాలంటే 13 కోట్ల 42 లక్షల మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాయే ఎనిమిదిన్నర కోట్లు. పసిపిల్లల్ని కూడా చేర్చుకున్నా ఇరవై ఏడో వరస నిండదు. ముప్ఫై మూడో వరసకి 858 కోట్ల మంది కావాలి. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్య సమితి ప్రకటించింది. అంటే చదరంగం బల్ల సగం దాటగానే భూమ్మీద మనుషులు అయిపోయారు!

అసలు దెబ్బ అది కూడా కాదు. గొలుసు ఎప్పుడో ఒకప్పుడు ఆగి తీరాలి. ఎక్కడ ఆగినా, నిండిన చివరి వరసలో ఉన్నవాళ్ళు పైనున్న అందరికంటే ఒకరు ఎక్కువ. పది వరసల దగ్గర ఆగితే పైన 511 మంది, అడుగున 512 మంది. ఆ 512 మందికీ కింద ఒక్కరు కూడా లేరు. డబ్బు కట్టారు, రాలేదు. నిర్వాహకుడు మంచివాడా చెడ్డవాడా అన్నదానితో పనిలేదు. ఎంత నిజాయతీగా నడిపినా సగం మందికి పైగా మునిగి తీరాల్సిందే. పైవాళ్ళకి వచ్చినది ఆ అడుగువాళ్ళ డబ్బే మరి. ఇలాంటి గొలుసు పథకాలను నిషేధిస్తూ కేంద్రం 1978లోనే చట్టం చేసింది. అయినా కొత్త పేర్లతో, కొత్త కాగితాలతో వస్తూనే ఉన్నాయి. అవి బతికేది మన ఆశమీద మాత్రమే కాదు. రెట్టింపును మన మనసు అంచనా వేయలేదన్న ధైర్యం మీద. కథలో పండితుడి ధైర్యమూ అదే.

అంచనాకి అందనిది లెక్కకి అందుతుంది. ఇరవై అంకెల్ని ఒక్క పద్యంలో మోసిన కవి చేసింది అదే. ఈ ఆదివారం పిల్లల్ని కూర్చోబెట్టి చదరంగం బల్ల తీయండి. కాసిని బియ్యం పోసి మొదటి వరస నింపించండి. ఆటలా ఉంటుంది. రెండో వరసకి వచ్చేసరికి లెక్కపెట్టలేక తూకంలోకి దిగుతారు. ఇంట్లో ఉన్న పాతిక కిలోల బస్తా మొత్తం కుమ్మరించినా ఇరవై ఒకటో గడి నిండదు.

ఇంకా నలభై మూడు గళ్ళు మిగిలే ఉంటాయి.